‘ఏ కుంచంతో?’ అని అడగకండి

సాంద్రత లెక్కలు చెడగొట్టుకోవాలనుకునే వారికి ఒక అనుభవజ్ఞుడి చిట్కాలు

మా మామగారికి ఒక చెడ్డ అలవాటు ఉండేది. కళ్లంలో పాలేరు వచ్చి "నూట ఇరవై కుంచాలండి" అంటే సంతోషించి ఊరుకునేవారు కాదు. "ఏ కుంచంతో?" అని అడిగేవారు. పక్క ఊరి కుంచం వేరు, షావుకారు కుంచం వేరు, మన కుంచం వేరు అని ఆయన వాదన. అక్కడితో ఆగితే బాగుండును. "పైన చేత్తో తుడిచారా, గోపురంలా పోశారా? పోసేటప్పుడు కుంచాన్ని కుదిపారా?" అని మళ్లీ మొదలు. నేనప్పుడు కొత్తల్లుణ్ని, పైగా బీయస్సీ పాసయినవాణ్ని. ఒక అంకె చెబితే నాలుగు ప్రశ్నలేమిటని విసుగొచ్చేది. ఆ విసుగులోంచే నా పద్ధతి పుట్టింది.

ఆ పద్ధతితో ముప్ఫై ఏళ్లు ట్యూషన్లు చెప్పాను. నా శిష్యుల్లో సాంద్రత లెక్క సరిగ్గా చేసినవాడు ఒక్కడూ లేడు. మిగతా లెక్కల్లో తప్పు చేయాలంటే కాస్త శ్రమ పడాలి గానీ సాంద్రతలో అది దానంతటదే వస్తుంది. ఎందుకంటే సాంద్రత అంటే ద్రవ్యరాశిని ఘనపరిమాణంతో భాగించడం. పైన ఒక యూనిట్, కింద ఒక యూనిట్. పైన పొరపాటు పడకపోతే కింద పడొచ్చు. ఆ కిందిది కూడా ఉత్త పొడుగు కాదు, ఘనం. అంటే అక్కడ చేసిన ఒక్క తప్పు మూడు తప్పుల పెట్టు.

మైదానం కూడా చిన్నది కాదు. విశ్వం మొత్తం సగటు సాంద్రతకీ, అణు కేంద్రకం సాంద్రతకీ మధ్య తేడా ఎంతంటే, ఒకటి పక్కన 43 సున్నాలు పెట్టాలి. ఇంత జాగా ఉండగా దారి తప్పనివాణ్ని ఏమనాలి? ఇక చిట్కాల్లోకి వెళ్దాం.

1. గ్లాసు నీళ్లు 250 గ్రాములు. కాబట్టి గ్లాసు ఏదైనా 250 గ్రాములే

మా అమ్మాయి డల్లాస్‌లో ఉంటుంది. ఒక వేసవిలో ఆవకాయ పెడతానని ఫోన్ చేసింది. మా ఆవిడ కొలత చెప్పింది: గ్లాసు ఆవపిండి, గ్లాసు కారం, ముప్పావు గ్లాసు ఉప్పు. అమ్మాయి దగ్గర వాళ్లమ్మ గ్లాసు లేదు, కాటా ఉంది. "గ్రాముల్లో చెప్పు నాన్నా" అంది. ఇలాంటి అవకాశం కోసమే కాచుకుని ఉన్నాను. గ్లాసంటే 250, ముప్పావు గ్లాసంటే 190 అని చెప్పేశాను.

గ్లాసు కొలత జాగాది, కాటా కొలత బరువుది. రెండింటినీ కలిపే వంతెన పేరే సాంద్రత. ఆ వంతెన ఎక్కకుండా నేరుగా ఏట్లో దూకడమే నా పద్ధతి. కారం పొడి వదులుగా ఉంటుంది, గ్లాసుడు పోస్తే నీళ్ల బరువులో సగం దాకా తూగుతుందంతే. మెత్తటి ఉప్పు నీళ్ల కంటే బరువు. కాబట్టి అమ్మాయి జాడీలో కారం రెండింతలైంది, ఉప్పు తగ్గింది. మూడో వారానికి పైన తెల్లగా బూజు పట్టింది. తిన్నంత వరకూ అల్లుడి కళ్లలో నీళ్లు ఆగలేదట. "ఏమండీ, ఇకమీదట ఫోన్ నాకే ఇవ్వండి" అంది మా ఆవిడ.

నూనె లీటరు ప్యాకెట్ మీద 910 గ్రాములు అని కూడా అచ్చు వేసి ఉంటుంది. లీటరు వెయ్యి గ్రాములు కాకపోతే మిగతా తొంభై ఎవరు తిన్నారని కొట్టువాడితో తగాదా పడండి. నూనె నీళ్ల మీద తేలుతుందని ఎవరైనా గుర్తుచేస్తే వినిపించనట్టు ఉండండి.

2. ‘ఘన’ అనే మాటను మింగేయండి

సాంద్రత లెక్కలను నమ్మకంగా చెడగొట్టే చిట్కా ఇది. మీటరుకు వంద సెంటీమీటర్లు. కాబట్టి ఘన మీటరుకు వంద ఘన సెంటీమీటర్లు. ఎంత అందంగా ఉందో చూడండి. నిజానికి పొడవు వంద, వెడల్పు వంద, లోతు వంద, మూడూ హెచ్చిస్తే పది లక్షలు. పది లక్షలని రాస్తే మన గొప్పేముంది?

ఇప్పుడు నీళ్ల సాంద్రత మార్చండి. ఒక సీసీ నీళ్లు ఒక గ్రాము. గ్రామంటే కిలోలో వెయ్యో వంతు, సీసీ అంటే నా లెక్క ప్రకారం ఘన మీటరులో వందో వంతు. భాగిస్తే ఘన మీటరు నీళ్లు 0.1 కిలో, అంటే వంద గ్రాములు. మన చుట్టూ ఉన్న గాలి ఘన మీటరుకు సుమారు 1.2 కిలోలు. అంటే మీ మేడ మీది వెయ్యి లీటర్ల నీళ్ల ట్యాంకు గాలి కంటే పన్నెండు రెట్లు తేలిక. తాడేసి కట్టకపోతే బెలూనులా ఎగిరిపోవాలి. ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీకి ఈ లెక్క చూపించి, ట్యాంకు కింద పిల్లర్లు దండగ అని చెప్పండి. అతను మీ వంక జాలిగా చూస్తాడు. వెయ్యి లీటర్లంటే టన్ను అని, టన్ను కింద పిల్లరు ఉండాలని అతనికి పుస్తకం చూడకుండానే తెలుసు.

3. గ్యాలన్ అంటే గ్యాలనే, ఎవరిదైతే ఏం?

అమెరికా గ్యాలన్ 3.785 లీటర్లు. బ్రిటిష్ గ్యాలన్ 4.546 లీటర్లు. పేరు ఒకటే కాబట్టి మనిషీ ఒకడే అనుకోండి. ఊళ్లో ఇద్దరు సుబ్బారావులు ఉంటే ఒకడి అప్పు రెండోవాడి దగ్గర వసూలు చేయడమూ ఇలాంటిదే.

కృష్ణా గోదావరి బేసిన్‌లో చమురు బావులు తవ్వే రిగ్గుల మీద ‘మడ్’ అనే బురద ద్రవాన్ని బావిలోకి పంపుతారు. కింద పొరల్లో ఒత్తిడి మీదున్న గ్యాసును తన బరువుతో అణిచి ఉంచడం దాని పనుల్లో ఒకటి. బరువు చాలకపోతే అందులో బెరైటీస్ పొడి కలుపుతారు. కడప సీమలో మంగంపేట దగ్గర దొరికే ముగ్గురాయి అదే. నీళ్లకు నాలుగు రెట్ల పైన తూగుతుంది, ప్రపంచంలోని పెద్ద నిల్వల్లో మంగంపేటది ఒకటి. ఆ బురద సాంద్రతను రిగ్గు మీద గ్యాలన్‌కు ఇన్ని పౌండ్లని చెబుతారు. ఆ గ్యాలన్ అమెరికాది.

ఇప్పుడు పది పౌండ్ల మడ్ కావాలన్నారు అనుకోండి. అమెరికా గ్యాలన్‌తో మారిస్తే లీటరుకు 1.198 కిలోలు. నా సలహా విని బ్రిటిష్ గ్యాలన్‌తో మారిస్తే 0.998. అంటే కాగితం మీద బరువైన బురద, బావిలో ఉత్త మంచినీళ్లు! కింద గ్యాసుకు ఇంతకంటే ఏం కావాలి? బావి ఎదురు తిరిగితే ఎలా ఉంటుందో కోనసీమ వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. 1995లో పాశర్లపూడి బావి ఏ కారణంగా అంటుకున్నా, ఆ మంట ఆరడానికి రెండు నెలలు దాటింది.

4. అంకె పక్కన ఏమీ రాయకండి

అంకె పక్కన ‘కిలోలు’, ‘లీటర్లు’ అని రాసుకోవడం అనుమానపు మనుషుల పని. ఇంటి పేరు లేని మనిషి ఏ ఇంట్లోనైనా భోంచేయగలడు, యూనిట్ లేని అంకె ఏ లెక్కలోనైనా దూరగలదు. ఈ చిట్కాను గాలిలో పరీక్షించి చూసినవాళ్లు ఉన్నారు.

1983 జులై 23. కెనడాలో మాంట్రియల్ నుంచి ఒట్టావా మీదుగా ఎడ్మంటన్ వెళ్లాల్సిన ఎయిర్ కెనడా 143 విమానం. కొత్త బోయింగ్ 767. ఆ సంస్థలో కిలోల లెక్కతో నడిచే విమానాలు అప్పుడే మొదలయ్యాయి, అంతకు ముందువన్నీ పౌండ్లవి. ఆ రోజు ఇంధనం చూపే మీటర్లు పనిచేయడం లేదు. ట్యాంకుల్లో కొలకర్రతో చూస్తే 7,682 లీటర్లు ఉన్నట్టు తేలింది. ప్రయాణానికి కావలసింది 22,300 కిలోలు. లీటర్లను కిలోలు చేయాలి, అంటే సాంద్రత కావాలి. చేతికి దొరికిన అంకె 1.77.

లీటరు ఇంధనం 1.77 పౌండ్లు అని ఆ అంకెకు అర్థం. కిలోల్లో అయితే 0.803. అలవాటైన అంకె, పక్కన ఇంటి పేరు లేదు. హెచ్చించారు: 7,682 × 1.77 = 13,597. కిలోలు అనుకున్నారు, అవి పౌండ్లు. ఇంకా 8,703 తక్కువైందని దాన్ని మళ్లీ 1.77తోనే భాగించి 4,916 లీటర్లు పోయించారు. నిజానికి పోయాల్సింది 20 వేల లీటర్ల పైమాటే. హెచ్చవేత తప్పలేదు, తీసివేత తప్పలేదు, భాగహారం తప్పలేదు. బడిలో అయితే మార్కులు వేసేవాళ్లు. సగం కంటే తక్కువ ఇంధనంతో విమానం లేచింది.

దారి మధ్యలో, ఆకాశంలో ఉండగానే ఇంజన్లు ఒకదాని వెనక ఒకటి ఆగిపోయాయి. కెప్టెన్ రాబర్ట్ పియర్సన్‌కు సరదాగా గ్లైడర్లు నడిపే అలవాటు ఉండబట్టి, ఆ పెద్ద విమానాన్ని గాలిపటంలా దించుకుంటూ గిమ్లీ అనే ఊరి పాత వైమానిక స్థావరానికి తెచ్చాడు. ఆ రన్‌వే అప్పటికే కార్ల పందేలకు వాడుకగా మారింది. ఆ రోజు అక్కడ పందేలు చూడటానికి జనం కూడా ఉన్నారు. ముందు చక్రం సరిగ్గా దిగకపోయినా విమానం ముక్కు నేలకు రాసుకుంటూ ఆగింది. లోపలున్న 69 మందీ బతికారు.

ఈ కథలో మీరు చేయకూడని పని ఒకటుంది, బాగా గుర్తుంచుకోండి. 1.77 చూడగానే "లీటరు నీళ్లే కిలో కదా, నీళ్ల మీద తేలే ఇంధనం లీటరుకు 1.77 కిలోలు ఎలా తూగుతుంది?" అని అడగకూడదు. ఆ ఒక్క ప్రశ్నతో లెక్కంతా కూలిపోతుంది. కిరసనాయిలు డబ్బాలో నీళ్లు పడితే ఏది పైన ఉంటుందో చూసిన ఏ ఇల్లాలైనా ఆ ప్రశ్న అడగగలదు. అందుకే లెక్కలు చేసే చోటికి వాళ్లను రానివ్వకండి.

5. ఎండతో మనకేం పని?

పెట్రోలు బంకులో మీటరు మీద డెన్సిటీ అని ఒక అంకె కనబడుతుంది. బీఎస్-6 పెట్రోలుకు అది ఘన మీటరుకు 720 నుంచి 775 కిలోల మధ్య ఉండాలి, అదీ 15 డిగ్రీల దగ్గర. అనుమానముంటే జాడీ, హైడ్రోమీటరు, థర్మామీటరు తెప్పించి మీరే చూసుకోవచ్చు. కొలిచిన అంకెను పట్టిక చూసి 15 డిగ్రీలకు మార్చి, చలాన్‌లో ఉన్న దానితో పోల్చాలి. తేడా మూడు దాటకూడదు.

మీరు మే నెలలో మిట్టమధ్యాహ్నం, బెజవాడ ఎండలో వెళ్లండి. వేడికి పెట్రోలు ఉబ్బి, ఘన మీటరుకు దాదాపు ఇరవై కిలోలు తక్కువ చూపిస్తుంది. పట్టిక జోలికి పోకుండా ఆ అంకె పట్టుకుని "కల్తీ! కల్తీ!" అని కేకలేయండి. నేను వేశాను. బంకు కుర్రాడు ఓపిగ్గా పట్టిక తెచ్చి, వేలు పెట్టి చూపించాడు. వెనక ఇరవై బళ్లు హారన్ కొట్టాయి.

6. కాలిక్యులేటర్‌లో పదిని రెండుసార్లు నొక్కండి

ఇక చిన్న లోకంలోకి దిగుదాం. బంగారంలో పరమాణువులు డబ్బాలు పేర్చినట్టు వరసగా ఉంటాయి. ఒక్కో డబ్బా అంచు 4.08 ఆంగ్‌స్ట్రామ్‌లు, ఒక్కోదాని వాటాకు నాలుగు పరమాణువులు. ఒక్కో పరమాణువు 197 పరమాణు ప్రమాణాలు. నాలుగుకు 788. డబ్బా ఘనపరిమాణం 67.9. భాగిస్తే 11.6. ఇది ఘన ఆంగ్‌స్ట్రామ్‌కు ఇన్ని పరమాణు ప్రమాణాలనే సాంద్రత. దీన్ని మన కంసాలి భాషలోకి తేవాలి. పరమాణు ప్రమాణం 1.66 × 10⁻²⁴ గ్రాములు. ఘన ఆంగ్‌స్ట్రామ్ 10⁻²⁴ సీసీలు. పైన 24, కింద 24, రెండూ కొట్టుకుపోతాయి. మిగిలేది 1.66. దానితో 11.6ను హెచ్చిస్తే 19.3. అచ్చంగా బంగారం సాంద్రతే! కంటికి కనబడని డబ్బాను లెక్కేస్తే తులం బంగారం మాట్లాడింది.

ఇంత ముచ్చటైన లెక్కను చెడగొట్టడం ఎలా? కాలిక్యులేటర్ మీద ‘ఈఎక్స్‌పీ’ అనే మీట ఉంటుంది. ‘ఇంటూ పది టు ది పవర్’ అనేదంతా ఆ మీటలోనే ఉంది. 10⁻²⁴ కావాలంటే ఒకటి నొక్కి, ఆ మీట నొక్కి, మైనస్ 24 వేయాలి. మీరు మాత్రం పది నొక్కి, తర్వాత మీట నొక్కండి. 10⁻²³ పడుతుంది. మా ట్యూషన్‌లో పదిమందిలో తొమ్మిదిమంది ఇలాగే నొక్కేవారు, నేను సంతోషంతో తల ఊపేవాణ్ని.

ఒక్క జాగ్రత్త. ఈ తప్పు పైనా కిందా రెండు చోట్లా చేస్తే రెండూ కొట్టుకుపోయి సరైన జవాబే వచ్చేస్తుంది. ఆ ప్రమాదం లేకుండా ఒక్క చోటే చేయండి. కింద చేస్తే బంగారం 1.93 అవుతుంది, గాజు కంటే తేలిక. పెళ్లివారికి నగలు గాజువే పెట్టినా తూకంలో నిలబడతాయి.

7. సగటును దొరికిన ప్రతిచోటా అంటించండి

సూర్యుడి ద్రవ్యరాశిని ఘనపరిమాణంతో భాగిస్తే సీసీకి 1.41 గ్రాములు. ఇంచుమించు తేనె. ఇంకేం, సూర్యుడంటే తేనెముద్ద అని పిల్లలకు చెప్పేయండి. నడిమధ్యన సీసీకి 150 గ్రాముల దాకా ఉంటుందని, అది బంగారానికి ఏడు రెట్ల పైమాటేనని, మనకు పైన కనబడే వెలుగు పొర మాత్రం మనం పీల్చే గాలి కంటే వేల రెట్లు పల్చన అని చెప్పి వాళ్ల తలలు పాడుచేయకండి. సగటు ఒక్కటి ఉంటే చాలు. మోకాలి లోతు సగటు చెప్పి మనుషుల్ని ఏట్లో దింపినవాళ్లు మనకు లేకపోలేదు.

8. సున్నాలు ఎక్కువైతే కొట్టేయండి

జవాబు నమ్మశక్యంగా లేకపోతే లెక్క తప్పన్నమాట. నాలుగు సున్నాలు కొట్టేసి, నమ్మేలా చేసి రాయండి. బతుకు తెలిసినవాళ్లు చేసే పని ఇది.

1920లలో ఇలాంటి చిక్కే వచ్చింది. ఆకాశంలో అన్నింటికంటే మెరిసే నక్షత్రం సిరియస్. దాని పక్కనే మినుకుమనే తోడు నక్షత్రం ఒకటుంది, సిరియస్ బి. బరువు చూస్తే సూర్యుడంత, సైజు చూస్తే భూమి అంత. భాగిస్తే నీళ్లకు వేల రెట్ల సాంద్రత వచ్చింది. ఇలాంటి పదార్థం ఉండదనే అప్పట్లో చాలామందికి తోచింది. ఆ అంకె నిజంగానే తప్పు. ఎందుకంటే అది తక్కువ. ఇప్పటి లెక్కలో దాని సగటు సాంద్రత సీసీకి రెండు టన్నుల పైమాటే. సున్నాలు కొట్టేయడం కాదు, ఇంకా చేర్చాల్సి వచ్చింది!

అంతకు మించినది న్యూట్రాన్ తార. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు లోపల హాయిగా పట్టే గోళంలో సూర్యుణ్ని మించిన బరువు. అణు కేంద్రకంలో పదార్థం ఎంత కిక్కిరిసి ఉంటుందో అక్కడా దాదాపు అంతే. కేంద్రకం లెక్క చూద్దాం: ఘన ఫెర్మీకి 0.16 కణాలు. ఫెర్మీ అంటే 10⁻¹³ సెంటీమీటర్లు, ఘనం చేస్తే 10⁻³⁹. ఒక్కో కణం 1.67 × 10⁻²⁴ గ్రాములు. కలిపితే సీసీకి 2.7 × 10¹⁴ గ్రాములు. చెంచాడు, అంటే ఐదు సీసీలు తీసుకుంటే 135 కోట్ల టన్నులు. ఇక్కడ ఇంగ్లీషులో బిలియన్ అని కనబడితే దాన్ని కోటి అని అనువదించండి. బిలియన్ వంద కోట్లని తెలిసినా తెలియనట్టు రాసేయండి. వందోవంతుకు పడిపోతుంది, ఎవరూ గమనించరు.

ఇంకా నమ్మకం కుదరకపోతే నాగార్జునసాగర్ తెచ్చుకోండి. నిండితే 312 టీఎంసీలు. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపు అడుగులు, 2.83 కోట్ల ఘన మీటర్లు. మొత్తం 883 కోట్ల టన్నుల నీళ్లు. ఆ బరువునంతా కేంద్రకపు సాంద్రతకు కుదిస్తే 33 సీసీలు. సాగర్ మొత్తం టీ కొట్టు గ్లాసులో సగం కూడా నిండదు.

మన చేతికి తెలిసిన లోకం చాలా చిన్నది. మంచుగడ్డ 0.92, నీళ్లు 1, ఇనుము 7.9, పాదరసం 13.6, బంగారం 19.3. ఇంతవరకూ ఎత్తి చూసి "ఇది తప్పులా ఉందే" అనగలం. విమానానికి ఇంధనం పోసినవాళ్లు అనాల్సింది ఆ మాటే. ఈ సరిహద్దు దాటాక మాత్రం చెయ్యి మూగబోతుంది. నిజమూ అబద్ధమూ ఒకేలా నమ్మశక్యం కాకుండా ఉంటాయి. అప్పుడు దారి చూపేది ప్రతి మెట్టు మీదా రాసుకున్న యూనిట్ ఒక్కటే. కాబట్టి ఇంట్లో చెయ్యి చెప్పే మాట వినకండి, ఆకాశంలో యూనిట్లు రాయకండి. రెండూ పాటిస్తే మీ లెక్క ఎక్కడా బతకదు.

9. మరీ చిన్నదైతే సున్నా అని రాసేయండి

బళ్లో ‘వెంకట సత్య సుబ్రహ్మణ్యం’, ఇంట్లో ‘బుజ్జి’, ఆఫీసులో ‘సుబ్బు’. మనిషి ఒక్కడే. కృష్ణ పదార్థం సంగతీ అంతే. మన సూర్యుడి పరిసరాల్లో దాని సాంద్రత ఎంతని కణ శాస్త్రవేత్తను అడిగితే "సీసీకి సుమారు 0.3 గిగా ఎలక్ట్రాన్ వోల్ట్‌లు" అంటాడు. శక్తీ ద్రవ్యరాశీ ఒకటే కాబట్టి వాళ్లు బరువు కూడా అలాగే చెప్పుకుంటారు. నక్షత్రాలు చూసేవాణ్ని అడిగితే "ఘన పార్సెక్‌కు 0.008 సూర్యుళ్లు" అంటాడు. మీ ఇంటి కాటా భాషలో సీసీకి 5 × 10⁻²⁵ గ్రాములు. ముగ్గురూ చెప్పేది బుజ్జి గురించే.

మీరు మాత్రం ముగ్గురూ కొట్టుకుంటున్నారని చెప్పి, మూడో అంకెను సున్నా చేసేయండి. దశాంశం తర్వాత 24 సున్నాలున్న దానికి ఇంకా ప్రాణం ఉంటుందా? భూగోళమంత జాగాలో ఆ పదార్థాన్నంతా పోగేస్తే అర కిలో దాటి ఇంకొంచెం వస్తుంది. కందిపప్పు ప్యాకెట్ అంత! ఆ మాత్రానికి లెక్కెందుకు?

ఎందుకంటే ఆకాశంలో జాగాకు కరువు లేదు. ఆవగింజలో అరవయ్యో వంతు కూడా కానిది, పాలపుంతంత జాగాతో హెచ్చిస్తే నక్షత్రాలన్నింటినీ కలిపినా మించి తూగుతుంది. విశ్వం సంగతి మరీ విడ్డూరం. దాని సగటు సాంద్రత ఘన మీటరుకు ఐదారు హైడ్రోజన్ పరమాణువుల ఎత్తు, అంతే. దాన్ని సున్నా అని రాస్తే విశ్వం బరువు సున్నా. మీరూ నేనూ, ఈ పత్రికా, ఆ ఆవకాయ జాడీ, ఏవీ లేనట్టే. తప్పు ఎవరిదని అడిగేవాడు కూడా ఉండడు.

10. ఆఖరుది, అన్నింటికంటే ముఖ్యమైనది: ‘ఏ కుంచంతో?’ అని అడగకండి

మళ్లీ కళ్లానికి వద్దాం. ఒక సంక్రాంతికి మామగారు నన్ను లెక్క రాయమన్నారు. కొలిచేవాడు మొదటి కుంచం పోస్తూ ఒకటి అనడు కదా, "లాభం" అంటాడు. తర్వాత రెండు, మూడు. లాభమంటే కొసరు అనుకుని, ప్రతి రాశికీ చివర్లో ఒకటి తీసేశాను. ఆరు రాశులు, ఆరు కుంచాలు మాయం. మామగారు నా కాగితం ఎగాదిగా చూసి నవ్వారు. "అల్లుడుగారూ, లాభమంటే ఒకటేనండి. మీరు కుంచం పేరు రాయలేదు, లాభం పేరూ ఎరగరు. ఇక మిగిలింది అంకెలే" అన్నారు. అవమానంతో ఆ రాత్రి గారెలు రెండు తక్కువ తిన్నాను. కూడికలో కాదు, నిజంగానే.

ఆయన పోయాక కుంచం మా ఇంటికి వచ్చింది. ఇనప కుంచం, నోటి దగ్గర కాస్త సొట్ట. టీవీ రిమోట్లు, కళ్లజోడు వేసుకునేందుకు పనికొచ్చేది. దాన్ని చూసినప్పుడల్లా, ఎవరికీ సరైన కొలత తెలియని ఒక వస్తువు నా ఇంట్లో ఉందని నిశ్చింతగా ఉండేవాణ్ని.

మొన్న సెలవులకు మనవరాలు వచ్చింది. ఎనిమిదో తరగతి. "తాతయ్యా, ఇందులో ఎంత పడుతుంది?" అంది. "కుంచం" అన్నాను. "కుంచం అంటే ఎంత?" అంది. "కుంచం అంటే కుంచమే" అన్నాను. నా పద్ధతి ప్రకారం చర్చ అక్కడితో అయిపోవాలి. అది రిమోట్లన్నీ సోఫా మీద కుమ్మరించి, లీటరు సీసా తెచ్చి, వంటింటి గట్టు మీద నీళ్లు పోసి కొలిచింది. తర్వాత తడి తుడిచి, వడ్లు అంచు దాకా పోసి, స్కేలుతో పైన సాపు చేసి, కాటా మీద పెట్టింది. మధ్యలో కుంచాన్ని రెండుసార్లు నేలకు తట్టి చూసి, "తాతయ్యా, కుదిపితే ఇంకా పడుతున్నాయి!" అని అరిచింది. వంటింట్లోంచి మా ఆవిడ, "వాళ్ల ముత్తాత పోలికే" అంది.

ఇప్పుడు ఆ కుంచం మీద నల్ల మార్కర్‌తో మూడు వరసలున్నాయి. నీళ్లు ఇన్ని లీటర్లు, వడ్లు కుదపకుండా ఇన్ని గ్రాములు, కుదిపితే ఇన్ని గ్రాములు. అంకె పక్కన యూనిట్, అన్నీ గుండ్రటి అక్షరాల్లో. చెరిపి చూశాను, పోలేదు.

అందుచేత పాఠకులకు మనవి. పై చిట్కాల్లో మొదటి తొమ్మిదీ ఎప్పటిలాగే పనిచేస్తాయి. పదోది మా ఇంట్లో మాత్రం ఇక పనిచేయదు. ఆ కుంచంతో తప్పు కొలవడం నా వల్ల కావడం లేదు.